రద్దయిన నియోజకవర్గంలో ఆఖరి ఎన్నిక

మా తాతయ్యకి రోజు విడిచి రోజు గడ్డం గీసే కత్తి తాతయ్య ఆయనతో మాట్లాడడు. మధ్యలో నన్ను కూర్చోబెట్టుకుని నాతో మాట్లాడతాడు.

"పిట్టా, మీ తాతని తల కాస్త పైకెత్తమను."

తాతయ్య చెవులు దివ్యంగా పనిచేస్తాయి. వంటింట్లో చక్కెర డబ్బా మూత తీస్తే వీధి అరుగు మీద వినిపిస్తుంది ఆయనకి. అయినా నేను చెప్పేదాకా తల ఎత్తడు.

"తాతయ్యా, తల పైకెత్తమంటున్నాడు."

"ఎత్తానని చెప్పు. ఆ కత్తికి ఈ నెలలోనైనా పదును పెట్టాడేమో అడుగు."

"పదును కత్తికి కాదు పిట్టా, కొందరి బుర్రకి పెట్టాలని చెప్పు."

ఇలా రెండు చెంపలూ నున్నగా అయ్యేదాకా నా నోరు వాళ్ళిద్దరికీ అద్దెకిచ్చినట్టు ఉంటుంది. బడిలో టీచరు లేపి ప్రశ్న వేస్తే జవాబు తెలిసి కూడా బల్ల వైపు చూస్తూ నిలబడే నేను, ఇంటి అరుగు మీద మాత్రం గుక్క తిప్పుకోకుండా వాగుతాను. అందులో ఒక్క మాటా నాది కాదు.

తాతయ్య దర్జీ. కత్తి తాతయ్య నానమ్మకి సొంత తమ్ముడు, మంగలి షాపు ఆయనది. రెండు ఇళ్ళూ ఒకే గోడ పంచుకుని పక్కపక్కనే ఉన్నాయి. కానీ మా గుమ్మం బజారు వీధిలోకి ఉంటే, ఆయన గుమ్మం వెనక కాలువ సందులోకి ఉంటుంది. పక్కింటికి వెళ్ళాలంటే వీధి చివరి దాకా నడిచి, పిండిమర చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఇదంతా మా నియోజకవర్గం వల్ల వచ్చిన తిప్పలు. నియోజకవర్గం ఇప్పుడు లేదు. తిప్పలు ఉన్నాయి.

అది ఉన్న రోజుల్లో బావా బావమరుదులిద్దరూ చెరో అభ్యర్థి తరఫునా తిరిగేవాళ్ళు. ప్రతి ఎన్నికకీ ఒకటే పందెం. తాతయ్య మనిషి ఓడిపోతే, మన నియోజకవర్గంలో మళ్ళీ ఎన్నిక వచ్చేదాకా బావమరిది చొక్కాలన్నీ తాతయ్య ఊరికే కుట్టిపెట్టాలి. కత్తి తాతయ్య మనిషి ఓడిపోతే, అప్పటిదాకా బావ గడ్డం ఊరికే గీయాలి. ఆఖరి ఎన్నికలో తాతయ్య మనిషి బొటాబొటిగా గెలిచాడు. తాతయ్య ఊరుకోకుండా రంగు గుడ్డ ముక్కలతో తోరణం కుట్టి, తీసుకెళ్ళి బావమరిది గుమ్మానికే కట్టాడట. కత్తి తాతయ్యకి ఒళ్ళు మండిపోయింది. "పొద్దున లేచి ఈ ముఖం చూడను గాక చూడను" అని బజారు వైపు గుమ్మం ఇటుకలతో మూసేసి, కాలువ సందు వైపు కొత్త గుమ్మం పెట్టించుకున్నాడు. ఆ మర్నాడే సబ్బూ కత్తీ పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి, చూడనన్న ముఖాన్నే రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. పందెం పందెమే కదా. మాట్లాడనని మాత్రం ఒట్టేసుకున్నాడు. తాతయ్య కూడా "నాకేం తక్కువ" అని వేసుకున్నాడు.

తర్వాత కొద్ది కాలానికి పైవాళ్ళు జనాన్ని లెక్కపెట్టి, ఇంత తక్కువమందికి ఒక నియోజకవర్గం దండగ అని మాది రద్దు చేశారు. సగం ఉత్తరం వాళ్ళకి, సగం దక్షిణం వాళ్ళకి పంచారు. మా ఊళ్ళో గీత ఎక్కడ గీశారంటే, బజారు వీధిలోకి గుమ్మం ఉన్న ఇళ్ళన్నీ ఉత్తరం, కాలువ సందులోకి గుమ్మం ఉన్నవి దక్షిణం. అలా ఒకే గోడకి అటొకరూ ఇటొకరూ అయిపోయారు. కత్తి తాతయ్య కోపంలో గుమ్మం తిప్పుకోకపోయి ఉంటే ఇద్దరూ ఒకే చోట ఉండేవాళ్ళు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన నియోజకవర్గంలో మళ్ళీ ఎన్నిక వచ్చేదాకా అని కదా పందెం? నియోజకవర్గమే లేకపోతే ఎన్నిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

"నియోజకవర్గం చచ్చింది గానీ నా శిక్ష మాత్రం నిక్షేపంలా ఉంది పిట్టా" అంటాడు కత్తి తాతయ్య.

వదిలెయ్యొచ్చు కదా అని నానమ్మ ఎన్నోసార్లు తాతయ్యతో అంది. "వాడొచ్చి అడగమను, వదిలేస్తా" అంటాడు ఆయన. అడగాలంటే మాట్లాడాలి మరి.

మొన్న చలికాలంలో, మా గ్రంథాలయం నడిపే పుస్తకాలత్తయ్య నన్ను పిలిచి, వార్షికోత్సవానికి మా పాత నియోజకవర్గం చరిత్ర రాయమంది. గ్రంథాలయం ఉన్న గది ఒకప్పుడు మెంబరు ఆఫీసు. ఆయన బోర్డు ఇప్పుడు మేము వార్తాపత్రికలు పరుచుకునే బల్ల. పత్రిక తీస్తే కింద 'శాసనసభ్యుల కార్యాలయం' అని పాత అక్షరాలు కనిపిస్తాయి.

"నీకు రాయడం వచ్చు, నలుగురిలో మాట్లాడటం రాదు. రాసినదే నిలబడి చదివెయ్యి. ఒక్క దెబ్బకి రెండూ అయిపోతాయి" అంది అత్తయ్య. కాదని చెప్పడానికి కూడా నోరు రావాలి. నాకు రాలేదు.

అప్పటినుంచి కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మా నియోజకవర్గం పుట్టుకే చిత్రం. మొదట్లో ఉత్తరం వాళ్ళు మమ్మల్ని దక్షిణానికి ఇచ్చెయ్యమన్నారట, దక్షిణం వాళ్ళు ఉత్తరానికే ఉంచమన్నారట. ఎవరూ దగ్గరికి రానివ్వని ఊళ్ళన్నీ కలిపి మాకొక నియోజకవర్గం కట్టారు. మొదటి మెంబరు బడిపంతులు. సభలో ఎవరైనా మాట్లాడుతూ తడబడితే "కూర్చో, రేపు చదువుకుని రా" అనేవాడట. తర్వాతి మెంబరు బస్సుల యజమాని. ఆయన మెంబరుగా ఉన్నన్నాళ్ళూ బస్సులు వేళకి వచ్చాయి, ఓడిన మర్నాడు ఒక్కటీ రాలేదు. ఇంకోసారి ఎవరూ పోటీకి రాక, స్నేహితులు ఉసిగొలిపితే సరదాకి నామినేషన్ వేసిన ఇటుక బట్టీ ఆయన పోటీ లేకుండా గెలిచేశాడు. దండలతో జనం వెళ్తే బట్టీ వెనక నక్కి కూర్చున్నాడట. ఆ తర్వాత మంత్రసాని పోటీ చేసింది. ఊళ్ళో సగంమందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడే. ఎదుటి అభ్యర్థి ప్రచారానికి వస్తే, "నిన్నూ నేనే తీశాను, తల ముందు రాలేదు నువ్వు" అని అందరిముందూ చెప్పిందట. ఆయన మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

నేను ఇవి పోగుచేస్తుండగానే కొత్త ఓటర్ల జాబితా పని మొదలైంది. జాబితా మేడమ్ ఇంటింటికీ వచ్చి గుమ్మం ఎటుందో చూసి రాసుకుంటోంది. మార్పులేమైనా ఉంటే దరఖాస్తులు గ్రంథాలయంలో ఇవ్వాలి. ఎలాగూ కలం చేత్తోనే ఉందని, ఊళ్ళో పెద్దవాళ్ళ దరఖాస్తులు నింపే పని కూడా నా నెత్తినే పడింది.

ఒక మధ్యాహ్నం తాతయ్య మిషను ఆపి, టేపు మెళ్ళో వేసుకునే నన్ను పిలిచాడు.

"అమ్మాయ్, మీ నానమ్మేదీ?"

"పెరట్లో ఉంది."

"తలుపు దగ్గరగా వెయ్యి. ఒక దరఖాస్తు రాయాలి. మన గుమ్మం కాలువ సందు వైపు మారుస్తున్నాం."

"ఎందుకు తాతయ్యా?"

"గాలి కోసం."

"కాలువ వైపు గాలి రాదు కదా, దోమలొస్తాయి."

"దోమలకి మాత్రం గాలి అక్కర్లేదా ఏమిటి? చెప్పింది రాయి."

నేను కలం తీయకుండా చూస్తూ కూర్చున్నాను. ఆయన సూదిలో దారం ఎక్కించబోయి తప్పాడు, మళ్ళీ తప్పాడు.

"పోయినసారి ఓటేసి వచ్చాను, చూశావుగా" అన్నాడు చివరికి. "వరసలో నిలబడితే ఒక్కడు నన్ను తిట్టలేదు. 'నీ గుర్తు ఒక గుర్తేనా' అన్న నాథుడు లేడు. వేలికి సిరా పూయించుకుని వచ్చి పడుకున్నాను. వాడు లేని ఎన్నిక కూడా ఒక ఎన్నికేనా? ఇంకెన్ని చూస్తాం మేము?"

నేను రాశాను. ఎవరికీ చెప్పనని, నానమ్మకి అసలే చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

రెండు రోజుల తర్వాత కత్తి తాతయ్య షాపుకి పిలిచాడు. కుర్చీలో ఎవరూ లేరు. ఆయనే అందులో కూర్చుని అద్దంలోంచి నాతో మాట్లాడాడు.

"పిట్టా, ఒక దరఖాస్తు. నా పాత గుమ్మం మళ్ళీ బజారు వైపు తెరుస్తున్నా."

సంచిలో ఉన్న తాతయ్య దరఖాస్తు గుర్తొచ్చింది. "ఎందుకు తాతయ్యా?"

"గిరాకీ కోసం. బజారన్నాక జనం ఉంటారు."

"నీ షాపు ఇక్కడ కదా. అది ఇల్లు కదా."

"ఎప్పుడూ నోరు విప్పని పిల్లవి, నా దగ్గరికి వచ్చేసరికి ఎన్ని ప్రశ్నలే నీకు!" దువ్వెనతో కుర్చీ చెయ్యి మీద కొట్టాడు. తర్వాత దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు లాగుతూ, "శిక్ష అనుభవించడం నాకు కష్టం కాదు పిట్టా. మళ్ళీ గెలిచే దారి లేకుండా అనుభవించడమే కష్టం. మీ తాతని ఒక్కసారి ఓడించి, వాడి చేత చొక్కా కుట్టించుకుని, కాలరు బాగాలేదని మొహాన కొట్టాలి. అంతే నాకు కావాల్సింది" అన్నాడు.

ఆయనా ఒట్టు వేయించుకున్నాడు.

రెండు దరఖాస్తులూ నా పుస్తకాల సంచిలో పక్కపక్కనే ఉన్నాయి. తాతయ్య కాలువ సందులోకి వెళ్తాడు. ఈయన అటు చేరేసరికి కత్తి తాతయ్య బజారు వీధిలోకి వచ్చేస్తాడు. మళ్ళీ ఒకరు ఉత్తరం, ఒకరు దక్షిణం. ఇద్దరిలో ఎవరికి చెప్పినా రెండోవారి ఒట్టు తప్పుతుంది. దీనికితోడు తాపీమేస్త్రి దారిలో ఆపాడు.

"ఏమ్మా, మీ ఇంట్లో ముసలాళ్ళకి ఏమైనా గాలి సోకిందా? ఒకే రోజుకి ఇద్దరూ నన్నే పిలిచారు. ఒకాయన ఇటు పగలగొట్టమంటాడు, ఒకాయన అటు. ఒకరికి తెలియకుండా ఒకరి పని చెయ్యాలట. ఒకే గోడ పక్కన సమ్మెట కొడితే వినపడదా?"

"మీరు చెప్పెయ్యొచ్చు కదా" అన్నాను ఆశగా.

"నా చేతా ఒట్టు వేయించుకున్నారు. అయినా నాకేంటమ్మా, రెండు గోడలంటే రెండు పనులు."

ఆయన రావాల్సింది వార్షికోత్సవం మర్నాడే. దరఖాస్తులకి గడువూ ఆ రోజే. ఒట్టు తప్పితే ఏమవుతుందో నాకు తెలియదు. రెండు గుమ్మాలూ తిరిగితే ఏమవుతుందో బాగా తెలుసు. చరిత్ర చివర ఇంకో పేరా రాశాను.

వార్షికోత్సవం రోజు గ్రంథాలయం నిండిపోయింది. తాతయ్య బెంచీకి ఈ చివరా, కత్తి తాతయ్య ఆ చివరా కూర్చున్నారు. మధ్యలో నానమ్మ. నేను బల్ల పట్టుకుని లేచాను. మొదటి వాక్యం నాకే వినపడలేదు.

"గట్టిగా పిట్టా!" అన్నాడు కత్తి తాతయ్య. "నా కబుర్లు మీ తాతకి చేరవేసే గొంతుతో చదువు!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నా గొంతు కాస్త బయటపడింది. ఇక సభ నన్ను సరిగ్గా చదవనిస్తేనా! ఇటుక బట్టీ ఆయన కొడుకు లేచి, నాన్న దాక్కోలేదు, ఇటుకలు లెక్కపెడుతున్నాడని దిద్దాడు. మంత్రసాని కోడలు, మా అత్తగారు అన్నది అంతకంటే ఘాటుగా ఉందని, పిల్లల ముందు చెప్పలేనని అంది. బస్సుల సంగతి రాగానే ఇప్పటి బస్సుల గురించి పెద్ద గొడవే అయింది. ఎలాగో చివరి పేరాకి వచ్చాను. కళ్ళు కాగితం మీద నుంచి ఎత్తకుండా చదివాను.

"ఆ నియోజకవర్గపు పాత ఓటర్లు ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు, మళ్ళీ ఒకే చోట ఓటు వేయాలని రేపు తమ గుమ్మాలు తిప్పుకోబోతున్నారు. దర్జీ కాలువ సందు వైపుకి. మంగలి బజారు వైపుకి. అప్పుడు మళ్ళీ ఇద్దరూ వేరు వేరు నియోజకవర్గాల్లోనే ఉంటారు. ఇంతటితో చరిత్ర సమాప్తం."

నానమ్మ ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ చూసింది.

"నాకేం ఖర్మ" అన్నాడు తాతయ్య ముందుగా. చెవులు ఎర్రబడ్డాయి. "గాలి కోసం అనుకున్నాను. అక్కర్లేదులే."

"నాకు మాత్రం!" అన్నాడు కత్తి తాతయ్య. "గిరాకీ కోసమన్నాను. ఉన్న గిరాకీ చాలు నాకు."

ఇంతవరకూ ఇద్దరూ తిప్పేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ తిప్పరు. అందరికీ తెలిశాక ఎవరు గుమ్మం తిప్పితే వాళ్ళు లొంగినట్టే. రేపటి గడువు దాటితే కొత్త జాబితా ఎప్పటికో. నాకు ఏడుపొచ్చేసింది. అందరిముందూ ఏడిస్తే ఇంకా సిగ్గని కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

పుస్తకాలత్తయ్య బల్ల మీది పత్రికలు తీసి పక్కన పెట్టింది. పాత బోర్డు బయటపడింది.

"ఈ గది మెంబరు ఆఫీసు. ఇక్కడున్న పెద్దవాళ్ళంతా ఆ నియోజకవర్గం ఓటర్లే. గుమ్మం ఎవరు తిప్పాలో ఒక ఎన్నిక పెట్టి తేల్చుకోలేమా?"

ఎన్నిక అన్న మాట చెవిన పడగానే ఇద్దరి వెన్నులూ నిటారుగా అయ్యాయి.

"ఓడినవాడు తిప్పాలి" అన్నాడు తాతయ్య.

"పాత పందెం కూడా ఈ ఎన్నికతో కొట్టివేత" అన్నాడు కత్తి తాతయ్య. "మళ్ళీ కొత్తగా మొదలు. ధైర్యం ఉందా బావా?"

"నాకు ధైర్యం సంగతి చెప్పేవాడివా నువ్వు? కత్తి పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది!"

"వణికితే నీ ముక్కు ఇన్నాళ్ళు ఉండేదా బావా?"

మధ్యలో చెప్పడానికి నేను నోరు తెరిచాను. అప్పుడు తెలిసింది, నాతో పని లేదని. వాళ్ళు నేరుగానే తిట్టుకుంటున్నారు. మిగతావాళ్ళకీ అప్పుడే తెలిసినట్టుంది, గదంతా ఈలలు.

ఖాళీ బిస్కెట్ల డబ్బా పెట్టె అయింది. పుస్తకాల అలమారా వెనక చాటు అయింది. తాతయ్య గెలవాలనేవాళ్ళు సూది బొమ్మ, కత్తి తాతయ్య గెలవాలనేవాళ్ళు కత్తి బొమ్మ గీసి వేయాలి. ప్రచారానికి పావుగంట ఇచ్చారు. తాతయ్య ఒకరి చొక్కా పట్టుకుని, "ఈ గుండీలు ఎవరు కుట్టారు? ఊడిందా ఒక్కటైనా?" అంటున్నాడు. కత్తి తాతయ్య ఇంకొకరి తల నిమిరి, "ఈ బట్టతల ఇంతకాలం కనపడకుండా కాపాడిందెవరు?" అంటున్నాడు. తాపీమేస్త్రి మాత్రం ఇద్దరూ ఓడేలా ఏమైనా దారి ఉందా అని అడిగాడు.

లెక్కపెడితే సూదులూ కత్తులూ సమానం. ఒక చీటీ తక్కువైంది. అది నానమ్మ పిడికిట్లో ఉంది.

"అక్కా, నీ తోడబుట్టినవాణ్ణి" అన్నాడు కత్తి తాతయ్య.

"ఇన్నేళ్ళ కాపురం" అన్నాడు తాతయ్య.

"ఇన్నేళ్ళూ నేను ఎవరికి వేశానో మీకెప్పుడైనా చెప్పానా?" అంది నానమ్మ. చీటీ విప్పి బోర్డు మీద పెట్టింది. సూది బొమ్మ. "మురిసిపోకండి. మన వెనక గోడ పగలగొడితే నా వంటిల్లు వీధిన పడుతుంది. వాడిది ఇటుకలు తీస్తే పాత గుమ్మమే. కోపమొచ్చి తిప్పినవాడు, కోపం దిగాక తిప్పుకోవాలి."

ఓడిపోయి అంత హుషారుగా ఉన్న మనిషిని నేను చూడలేదు. కత్తి తాతయ్య అందరి దగ్గరికీ వెళ్ళి, "చూశారా, ఒక్క ఓటుతో పోయింది, ఒకే ఒక్క ఓటు" అని చెప్పుకున్నాడు. ఆయన దరఖాస్తు పుస్తకాలత్తయ్యకి ఇచ్చేశాను. తాతయ్యది తాతయ్యకే ఇస్తే, దాని మీద కాలరు కొలత గీసుకున్నాడు.

మర్నాడు పొద్దున తాపీమేస్త్రి ఒక్క గోడకే వచ్చి, ఒక్క పనే దక్కిందని గొణుక్కుంటూ ఇటుకలు లాగాడు. తాతయ్య ముఖం నిండా సబ్బు నురగతో వీధిలో నిలబడి, అది వంకర, ఇది వంకర అని చెబుతున్నాడు. కత్తి తాతయ్య కత్తి పట్టుకుని ఆయన వెనకే తిరుగుతున్నాడు.

"కదలకు బావా, తెగుతుంది."

"అమ్మాయ్, కదలనని చెప్పు వాడికి" అన్నాడు తాతయ్య అలవాటుగా. నేను చెప్పలేదు. ఆయన నాలుక కరుచుకుని, "కదలనులే" అన్నాడు.

జాబితా మేడమ్ వచ్చి, ఇంకా తడి ఆరని గుమ్మం చూసి, బజారు వీధి అని రాసుకుని వెళ్ళింది. ఇద్దరూ అరుగు మీద కూలబడ్డారు.

"ఇంతకీ ఉత్తరంలో ఈసారి ఎవరెవరు నిలబడుతున్నారు?" అన్నాడు కత్తి తాతయ్య.

"పాల కేంద్రం ఆవిడొకతె, సినిమా హాలాయన ఒకడు."

"పాల కేంద్రం ఆవిడ మంచిదే."

తాతయ్య ముఖం వాడిపోయింది. "నేనూ ఆవిడకే అనుకున్నాను."

కత్తి తాతయ్య కత్తి తుడవడం ఆపాడు. చాలాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సినిమా హాల్లో బల్లలు మరీ అంత చెడ్డగా ఏమీ ఉండవు" అన్నాడు కత్తి తాతయ్య చివరికి.

"నల్లుల కొంప! బుద్ధున్నవాడెవడైనా వాడికి ఓటేస్తాడా?" అని తాతయ్య ఒక్క గెంతున లేచి నిలబడ్డాడు.